సుస్థిర వ్యవసాయంలో పరిశోధకులు కావాలంటే అగ్రికల్చర్ బీఎస్సీ తప్పనిసరా?

అందరికీ తప్పనిసరి కాదు. గుంటూరు లాం ఫారంలాంటి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో సస్యశాస్త్రవేత్త (పంటల సాగు మీద పరిశోధించేవారు) ఉద్యోగానికైతే మాత్రం వ్యవసాయ డిగ్రీ, ఆపైన పీజీ ఉండాల్సిందే. వేరే చదువులవాళ్లకీ ఈ రంగంలో చోటుంది, ఎందుకంటే పొలం నుంచి పళ్లెం దాకా వచ్చే ప్రశ్నలన్నీ పంటవే కావు.

2021-22లో మిర్చి పూతను పీల్చేసిన నల్ల తామర పురుగునే తీసుకోండి. పువ్వుని తెల్ల కాగితం మీద విదిలించి, రాలిన పురుగుల్ని లెక్కపెట్టేది కీటక శాస్త్రం చదివినవాళ్లు. అదీ ఎర్రటి ఎండలో! రసాయన మందులు మాని కషాయాలకు మారిన రైతుకి కూలి ఖర్చులు పోను ఎకరాకి ఏం మిగిలిందో తేల్చడానికి ఆర్థికశాస్త్రం కావాలి. సరుకు విజయవాడ రైతుబజారులో గిట్టుబాటవుతుందా అన్నది ఇంకో పరిశోధన.

ఈ రంగమంటే ప్రకృతి సేద్యానికి ప్రచారం చేయడమేనని చాలామంది అనుకుంటారు. అది కార్యకర్తల పని. పరిశోధకులు దిగుబడి తగ్గితే తగ్గిందనే రాయాలి.