పక్కింటి పిల్లల్ని షిప్పెక్కించే ముందు

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో మాటల మధ్యలో అన్నావు చూడు, "క్రిస్మస్ సెలవులకి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి క్రూయిజ్ బుక్ చేశాం పెద్దమ్మా, పక్కింటి పిల్లలిద్దరూ కూడా మాతోనే వస్తున్నారు" అని. ఫోన్ పెట్టేశాక రాత్రంతా నాకు అదే ఆలోచన. వాళ్ళమ్మకి సెలవు దొరకలేదు. నాన్నేమో తల్లి ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లో ఉన్నాడు. అంటే కన్నవాళ్ళు ఒక్కరూ పక్కన లేకుండా ఇద్దరు పిల్లల్ని దేశం దాటిస్తున్నావు. కోజుమెల్ ఐదు రోజుల్లో వెళ్ళొచ్చేదే అయినా అది మెక్సికో కదమ్మా.

పన్నెండేళ్ళ కిందట మా ఆడపడుచు కూతుర్ని నేనూ ఇలాగే తీసుకెళ్ళాను. దానికప్పుడు పదేళ్ళు. వాళ్ళమ్మ ఒక తెల్లకాగితం మీద "మా అమ్మాయిని మా వదినతో పంపిస్తున్నాను" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. సొంత మేనకోడలే కదా, ఎవరడుగుతారులే అనుకున్నాను. చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి ఆ కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, "నోటరీ సీలు ఏదీ?" అంది. నా ఇంటిపేరు వేరు, పిల్ల ఇంటిపేరు వేరు. వాళ్ళమ్మ డాలస్‌లో, నాలుగైదు గంటల దూరంలో. మమ్మల్ని పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టారు. లైన్లో మా వెనక ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే లోపలికి వెళ్ళిపోతుంటే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "అత్తా, నన్ను ఇక్కడే వదిలేసి వెళ్ళిపోతారా?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వాళ్ళమ్మ పరుగున బ్యాంకుకి వెళ్ళి, నోటరీ చేయించి, స్కాన్ పంపింది. సూపర్‌వైజర్ దయతలిచి ఒప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది. తప్పు పూర్తిగా నాది. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా పిల్లల సంగతి చూడు. ఒకే ఇంటి పిల్లలైనా ఇద్దరి కాగితాలూ ఒకటి కాదు. చెల్లి ఇర్వింగ్‌లో పుట్టింది కాబట్టి అమెరికన్ సిటిజన్. మీ షిప్పు గాల్వెస్టన్‌లో బయల్దేరి మళ్ళీ గాల్వెస్టన్‌కే వస్తుంది. ఇలాంటి క్రూయిజ్‌కి 16 ఏళ్ళ లోపు సిటిజన్ పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ ఉంటే చాలు. అయితే అది రాష్ట్రం ఇచ్చినదై ఉండాలి. హాస్పిటల్‌లో పాదాల గుర్తులు వేసి ఇచ్చే ముచ్చటైన కాగితం చెల్లదు. పాపకి పాస్‌పోర్ట్ ఉంటే మాత్రం అదే తీసుకెళ్ళు. దేవుడి దయవల్ల అలాంటిదేమీ జరగదు గానీ, మధ్యలో ఒంట్లో బాగోక కోజుమెల్ నుంచి విమానంలో రావలసి వస్తే బర్త్ సర్టిఫికెట్ పనికిరాదు, పాస్‌పోర్టే కావాలి.

అన్న విజయవాడలో పుట్టాడన్నావు. అమ్మానాన్నల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసాలో ఉన్నాడు కాబట్టి బర్త్ సర్టిఫికెట్ వెసులుబాటు వాడికి వర్తించదు. ఇండియన్ పాస్‌పోర్ట్, అందులో చెల్లుబాటయ్యే వీసా స్టాంప్, ఐ-797 (ఇమిగ్రేషన్ వాళ్ళ ఆమోద పత్రం) కాపీ, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) ప్రింట్ తప్పకుండా ఉండాలి. ఇవాళే వాళ్ళమ్మని స్టాంప్ తేదీ చూడమను. స్టాంప్ ఎక్స్‌పైర్ అయినా మెక్సికో వెళ్ళి ముప్పై రోజుల్లోపు తిరిగి వచ్చెయ్యొచ్చని ఎవరో ఒకరు వాట్సాప్‌లో చెప్తారు. అమెరికాలోకి తిరిగి రావడానికి అలాంటి నిబంధన ఉన్నమాట నిజమే. కానీ మెక్సికో మనవాళ్ళని మామూలుగా రానిచ్చేది చెల్లుబాటయ్యే అమెరికా వీసా చూసే. స్టాంప్ తేదీ దాటిపోయి ఉంటే నా మాట విని బాబుని ఈసారికి ఆపెయ్. పరాయి పిల్లాడి ఇమిగ్రేషన్‌తో మనం ప్రయోగాలు చెయ్యకూడదు. కోజుమెల్ కాకుండా ఇంకే దేశంలోనైనా షిప్పు ఆగుతుంటే, ఇండియన్ పాస్‌పోర్ట్‌కి అక్కడ ఏం కావాలో క్రూయిజ్ వాళ్ళని ఈమెయిల్‌లోనే అడుగు. ఫోన్లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు.

ఇక అసలైనది, ఆ లెటర్. అమెరికా బోర్డర్ అధికారులు ఇద్దరు తల్లిదండ్రుల సంతకాలతో, ఇంగ్లిష్‌లో, నోటరీ చేయించిన లెటర్ దగ్గర పెట్టుకోమంటారు. చాలా క్రూయిజ్ కంపెనీలకి సొంత ఫారం కూడా ఉంటుంది. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటే దాన్నే వాడండి. ఏ ఫారం అయినా పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్ట్ నంబర్లు, నీ పేరు, నీ పాస్‌పోర్ట్ నంబరు, షిప్పు పేరు, బయల్దేరే తేదీ, తిరిగొచ్చే తేదీ, వెళ్ళే దేశాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉండాలి. ఒక్కో పిల్లకి ఒక్కో లెటర్ విడిగా చేయించు.

పేర్ల దగ్గర మనవాళ్ళకి వచ్చే చిక్కు నీకు తెలిసిందే. ఒకరికి ఇంటిపేరు ముందు, ఒకరికి వెనక, ఒకరికి ఉత్త ఇనీషియల్. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో అసలు పేరు ఇంటిపేరైపోయి, ముందు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదని) అని పడుతుంది. ఇంట్లో పిలిచే పేరు, స్కూల్లో పిలిచే పేరు పక్కనపెట్టి పాస్‌పోర్ట్‌లో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే రాయించు. పిల్లలిద్దరి బర్త్ సర్టిఫికెట్లూ లెటర్‌కి జత చెయ్యి. లెటర్ మీద సంతకం పెట్టినవాళ్ళే కన్నవాళ్ళని చూపించేది అవే.

ఇంకో రెండు వాక్యాలు ఉండి తీరాలి. వైద్యం చేయించడానికి నీకు అనుమతి ఇస్తున్నామని ఒకటి, షిప్పులో ఆటలకి అడిగే ఫారాల మీద తమ తరఫున నువ్వు సంతకం చేయవచ్చని ఒకటి. ఆ ట్రిప్పులోనే రెండో రాత్రి మా మేనకోడలికి చెవిపోటు, జ్వరం. మెడికల్ సెంటర్లో నర్సు ముందు అడిగింది వాళ్ళమ్మ అనుమతే. షిప్పు వైఫైలో ఫోన్ కలిసేదాకా పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆ వైద్యం బిల్లు నీ రూమ్ ఖాతాలోనే పడుతుంది. మామూలు ఇన్సూరెన్స్ షిప్పులో చెల్లుతుందో లేదో చూసుకోండి, ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే నిశ్చింత. మందులేవైనా ఉంటే లేబుల్ ఉన్న డబ్బాలోనే పెట్టమను. ఏం తింటే పడదో వాళ్ళమ్మ చేత రాయించుకో.

నోటరీ దగ్గర మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లోనే సంతకం పెట్టేసి తీసుకెళ్తారు. సంతకం నోటరీ కళ్ళముందు పెట్టాలి. కాబట్టి వాళ్ళమ్మని సంతకం పెట్టని లెటర్, ఫోటో ఐడీ పట్టుకుని నోటరీ ఉండే వాళ్ళ బ్యాంకుకి వెళ్ళమను. వాళ్ళ నాన్నది విడిగా ఇంకో లెటర్ చేస్తే సరిపోతుంది. నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంటే నోటరీ చేస్తారు, ఒక్కో సీలుకి 50 డాలర్లు. వీడియో కాల్‌లో చేసే ఆన్‌లైన్ నోటరీ టెక్సాస్‌లో 2018 నుంచి ఉంది గానీ, అది ఒప్పుకుంటారో లేదో ముందే క్రూయిజ్ వాళ్ళని అడగండి. తండ్రి సంతకం ఎందుకులే, ఎవరూ అడగరులే అని మాత్రం అనుకోకండి.

ఒరిజినల్స్ అన్నీ నీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండాలి. పోర్ట్‌లో పోర్టర్లకి ఇచ్చిన సూట్‌కేసు రూముకి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఒక సెట్ కాపీలు మీ ఆయన దగ్గర, ఫోటోలు ఫోన్లో. తిరిగొచ్చాక బాబు ఐ-94 ఆన్‌లైన్‌లో ఒకసారి చూడమను. కొత్తది వచ్చి ఉంటే తేదీ తగ్గిపోయిందేమో గమనించాలి. పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడితే ఆ తేదీ వరకే ఇస్తారు.

లెటర్ రాసాక నోటరీకి వెళ్ళకముందే నాకు వాట్సాప్ చెయ్యి. పేర్లూ తేదీలూ నేను కూడా ఒకసారి సరిచూస్తాను.

ఉంటాను,
మీ పెద్దమ్మ