తొట్టిని బట్టి చేప పెరుగుతుందా?

ప్రశ్న: రెండేళ్ల క్రితం మా అమ్మాయి పుట్టినరోజుకి గాజు గిన్నెలో ఒక గోల్డ్‌ఫిష్ కొన్నాం. ఇప్పటికీ బొటనవేలంతే ఉంది. ఉన్న చోటుని బట్టి సర్దుకుని పెరగడం చేప తెలివి అంటారు మా బావగారు. నిజమేనండీ?

జవాబు: మీ బావగారితో పేచీ పెట్టుకోవాలని కాదు గానీ, అది తెలివి కాదమ్మా, అవస్థ. చెరువులో అడుగు పొడవు దాకా పెరగగల చేప అది. మనలాగా ఒక వయసుకి ఆగిపోదు, బతికినన్నాళ్లూ ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది. గిన్నెలో అయితే మొప్పల్లోంచి వచ్చే అమ్మోనియా ఆ కాసిని నీళ్లలోనే పోగవుతుంది. ఆక్సిజన్ కూడా చాలదు. ఒంటికి పట్టాల్సిన తిండి ప్రాణం నిలుపుకోవడానికే సరిపోతుంది.

డిగ్రీ రోజుల్లో నేనూ ఒకదాన్ని వెడల్పు మూతి సీసాలో పెంచి, ఇది పొట్టి రకం అని అందరికీ చెప్పుకున్నాను. ఓ రోజు సీసా పగిలింది. గత్యంతరం లేక కాలేజీ ల్యాబులో ఉన్న సిమెంటు తొట్టిలో వేశాను. ఏడాది తిరిగేసరికి నా అరచెయ్యి దాటిపోయింది. "మీ పొట్టి రకం బాగుందా బాబూ?" అని ల్యాబ్ అటెండర్ నేను కోర్సు ముగించేదాకా ఏడిపించాడు.

కాకపోతే నీటిని బట్టి చేప ఒళ్లు మారుతుందన్న మాట మాత్రం అబద్ధం కాదు. గోల్డ్‌ఫిష్‌కి దగ్గరి చుట్టం క్రూషియన్ కార్ప్ అని యూరప్ చెరువుల్లో ఉంటుంది. దాన్ని మింగే వేటచేప పేరు పైక్. స్వీడన్‌లో బ్రోన్‌మార్క్, మైనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెరువుని అడ్డంగా విడదీసి, ఒక సగంలోనే పైక్‌లను వదిలారు. కొన్ని వారాల్లో ఆ సగంలోని కార్ప్‌లు వీపు నుంచి పొట్ట దాకా ఎత్తుగా, పళ్లెంలా తయారయ్యాయి. 1992లో ఈ ఫలితం అచ్చయింది. పైక్ నోరు ఎంత తెరిచినా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన ఒళ్లు దాని నోట పట్టదు. శత్రువు ఉందని కార్ప్‌కి తెలిసేది ముఖ్యంగా వాసన వల్ల, పైక్ నుంచి నీళ్లలో కలిసే రసాయనాల వల్ల.

అంత మంచిదైతే అన్ని చెరువుల్లోనూ ఎత్తుగానే పెరగొచ్చుగా అంటారేమో. ఎత్తు ఒళ్లు నీళ్లని చీల్చుకుని వెళ్లడానికి భారం. భయం లేనిచోట ఆ బరువు ఎందుకు మొయ్యాలి?

నాకు మరీ ఇష్టమైన సంగతి ఈ క్రూషియన్ కార్ప్ మొప్పలది. చల్లగా, ఆక్సిజన్ దండిగా ఉన్న నీళ్లలో దీని మొప్పల రేకుల మధ్య ఖాళీలు కణాలతో పూడి ఉంటాయి. ఆక్సిజన్ తగ్గిందా, వారం తిరిగేలోపే ఆ కణాలు చచ్చిపోయి రేకులు బయటపడతాయి. గాలి పీల్చే వైశాల్యం ఏడు రెట్లు దాటుతుంది. మళ్లీ ఆక్సిజన్ దొరికితే మళ్లీ పూడ్చేసుకుంటుంది. ఎందుకీ పూడ్చడం? మంచినీటి చేపకి మొప్ప ఎంత విప్పారితే ఒంట్లోని ఉప్పు అంత కారిపోతుంది, బయటి నీరు అంత లోపలికి జొరబడుతుంది. అందుకే అవసరం లేనప్పుడు తలుపు మూసి ఉంచుతుంది.

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ. చుట్టూ ఉన్న పరిస్థితి వల్ల చేప ఒళ్లు మారడమే పరిణామమా సార్?

జవాబు: కాదు బాబూ, మీ పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. ఎత్తుగా పెరిగిన కార్ప్‌లకి పుట్టిన పిల్లల్ని పైక్ లేని చెరువులో పెంచితే అవి సన్నగానే ఉండొచ్చు. మారింది ఒళ్లే, వారసత్వం కాదు. ట్రినిడాడ్ ద్వీపంలో గప్పీలనే చిన్న చేపల కథ వేరు. పెద్ద గప్పీలను తినే చేపలున్న చోటి నుంచి కొన్నింటిని 1976లో ఆ బెడద లేని వాగులోకి మార్చారు. 11 ఏళ్ల తర్వాత చూస్తే అవి ఆలస్యంగా, పెద్ద సైజులో ఈడుకొస్తున్నాయి. వాటి సంతానాన్నీ, పాత చోటి గప్పీల సంతానాన్నీ రెండు తరాలు ల్యాబులో ఒకే తిండితో, ఒకే నీటిలో పెంచినా తేడా పోలేదు. అలా మిగిలిందాన్ని పరిణామం అని రాయండి. ఈ రెండింటినీ విడదీయడానికి ఒకే నీటిలో పెంచి చూడటాన్ని మించిన ఉపాయం ఇంకా నాకు కనపడలేదు.

ప్రశ్న: వేడి నీళ్లలో తిలాపియాలు మగవైపోతాయా?

జవాబు: పిల్లలుగా ఉన్న తొలి వారాల్లో నీరు 36 డిగ్రీల దగ్గర ఉంటే నైలు తిలాపియాల్లో మగవాటి సంఖ్య పెరుగుతుంది. జన్యువుల మాట కూడా ఉంటుంది గనుక అన్నీ మగవి కావు. ఇక ఆడదిగా పెరిగి పెద్దయినదాన్ని వేడి నీళ్లలో వేసి టెన్షన్ పడుతూ కూర్చుంటే, అది మగది అయిపోదు.