రబ్బరు చేపకి సముద్రం చేప పడుతుందా అంటే...

ఏరా అబ్బాయ్,

నీ మెసేజ్ చూశా. రెండ్రోజులు సాఫ్ట్ లూర్లు, అదే మెత్తటి రబ్బరు చేప బొమ్మలు, విసిరితే భుజం నొప్పి తప్ప ఏం దక్కలేదు, పక్కనోడు రొయ్య ముక్క గుచ్చి నాలుగు లాగాడు, ఇదంతా మోసం బాబాయ్ అన్నావ్. మోసమేం లేదురా, నేనూ మొదట్లో ఇలాగే తిట్టుకుని ఆ ప్యాకెట్లు ఏడాది పాటు ముట్టుకోలేదు.

రొయ్య ముక్క నీళ్ళలో పడ్డాక దాని పని అదే చేసుకుపోద్ది, వాసన నీటితో పాటు పోతుంది, చేప వెతుక్కుంటూ వస్తుంది, నువ్వు గట్టున కబుర్లు చెప్పుకున్నా పర్లేదు. రబ్బరు ముక్కకి నువ్వు కదిపితేనే ప్రాణం. అందుకని ముందు అక్కడ తిరిగే చేప ఏంటో చూడు. పండుగప్ప, పార, వంజరం లాంటివి వేటాడి తినే రకం, కళ్ళతో చూసి, ఒంటి పక్కనుండే గీతతో నీళ్ళ అదురు పసిగట్టి మీద పడతాయ్, వీటికి లూర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జెల్లలు ఎక్కువగా వాసన పట్టుకుని వస్తాయి, వాటికి ఎరే కరెక్ట్. నాచు గీక్కుని తినేవి నువ్వు ఎంత నాట్యం చేయించినా తిరిగి చూడవు.

నువ్వు పంపిన ఫోటోలో రబ్బరు హుక్కు మీద అరటికాయలా వంగి ఉంది చూసుకున్నావా? అలా ఉంటే నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది, లైన్ మెలికలు పడుద్ది, ఏ చేపా నమ్మదు. గుచ్చే ముందు జిగ్ హెడ్డుని, అంటే బరువు తల ఉన్న హుక్కుని, రబ్బరు పక్కన పెట్టి, హుక్కు ఎక్కడ బయటికి రావాలో గోరుతో గుర్తు పెట్టుకో, తర్వాత తిన్నగా ఎక్కించు. విసిరే ముందు కాళ్ళ దగ్గర నీళ్ళలో ఒకసారి లాగి చూడు, తోక సరిగ్గా ఆడుతుందో లేదో అక్కడే తెలిసిపోద్ది.

ఇంకోటి, నడుం లోతు నీళ్ళలో 28 గ్రాముల తల ఏంట్రా, రాయిలా పడిపోతది. లోతు తక్కువైతే 7 నుంచి 10 గ్రాములు, గాలీ నీళ్ళ ఒరవడీ ఉంటే 14, 20 అలా పెంచుకో. నీళ్ళ అడుగు నేలకి తగిలించగలిగే బరువుల్లో అన్నిటికంటే తేలికది పెట్టాలి, అంతే లెక్క.

అడుగు తగలగానే లైన్ వదులవుద్ది, అప్పుడు రాడ్ కొంచెం పైకి రెండు సార్లు లేపి మళ్ళీ పడనివ్వు, పడేటప్పుడు లైన్ మరీ జోలగా వేలాడకూడదు ఎందుకంటే చాలాసార్లు చేప కొట్టేది ఆ పడే టైంలోనే, చిన్న టక్ అంటది లేదా లైన్ పక్కకి జరుగుద్ది. వెంటనే లాగెయ్. నిజం ఎరైతే రుచి చూసి నోట్లో ఉంచుకుంటది గానీ రబ్బరుని రెండో క్షణంలో ఉమ్మేస్తుంది. ఆ టక్ తెలియాలంటే సాగని బ్రెయిడ్ లైన్, అదే అల్లిన దారం, ఉండాలి, చివర హుక్కు వైపు ఓ మీటరు ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే నీళ్ళలో అంతగా కనపడని గట్టి దారం, 20, 30 పౌండ్ల బరువు తట్టుకునేది కట్టుకో. వంజరాలు తిరుగుతుంటే మాత్రం రబ్బరు దండగ, ఆ పళ్ళకి తోక ఒక్క కాటుకి పోద్ది, మెటల్ జిగ్గు, అదే లోహపు చేప బొమ్మ, వేసుకో.

రంగుల గురించి బుర్ర పాడుచేసుకోకు. నీళ్ళు తేటగా ఉంటే చిన్నచేప రంగు, బురదగా ఉంటే ముదురుదో మెరిసే పసుపుపచ్చదో. ఎరుపు మీద మోజు పడకు, లోతుకి వెళ్ళేకొద్దీ ముందు మాయమయ్యేది అదే. బాగా మురికి నీళ్ళలో వాసన పట్టించిన గల్ప్ బ్రాండు రబ్బర్ల లాంటివి మేలు, కాకపోతే హుక్కు మీదే వదిలేసి మర్చిపోతే ఎండి గట్టిపడిపోతాయ్, పీకలేక చస్తావ్. బాగా సాగే జీమాన్ బ్రాండు రకం రబ్బర్లని మామూలు వాటితో ఒకే డబ్బాలో పెట్టకు, ఒకదాన్నొకటి కరిగించుకుంటాయి, నా డబ్బా ఓసారి తెరిస్తే రంగురంగుల ముద్ద ఒకటే మిగిలింది.

తెగిన ముక్కలు నీళ్ళలో పారేయకుండా జేబులో వేసుకో, చేపలు మింగితే వాటి కడుపులోనే ఉండిపోతాయ్. హుక్కులూ రీలూ మంచినీళ్ళతో కడుగు.

నీరు పారుతున్నప్పుడే వెళ్ళు, పోటో పాటో ఏదైనా పర్లేదు గానీ నిలిచిపోయిన నీళ్ళలో రెండు గంటలు విసరకు. ఇంకా, ఈసారికి రొయ్యలు తీసుకెళ్ళకు. చేతిలో ఉంటే పది నిమిషాలకే వాటికి మారిపోతావ్, నీ సంగతి నాకు తెలుసు.

బాబాయ్