దిమ్మెలతో వచ్చే లెక్క కాగితం మీద రాకపోతే

కావలి ఊరి అక్కా, మీ బాబు ఒకట్లు, పదులు చూపే దిమ్మెలతో 27, 15 ఇట్టే కలిపేస్తాడు, అదే కాగితం మీద పెడితే బిక్కమొహం వేస్తాడని రాశారు. టెన్షన్ పడకండి, లెక్కలు నేర్పే ప్రోగ్రామ్ మార్చొద్దు. మధ్యలో ఒక మెట్టు తగ్గిందంతే.

ఒంగోలులో మా పాపకి చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించాను. 27 అంటే రెండు కట్టలు, ఏడు విడి పుల్లలు. 15 చేరిస్తే విడివి 12 అవుతాయి. అందులో పదింటిని బాబే కట్ట కట్టాలి. కట్టిన ఆ క్షణమే, పుల్లలు కళ్ళెదుట ఉండగానే, పదుల స్థానం పైన చిన్న 1 రాయించండి. తర్వాత రాయిద్దాంలే అనుకుంటే మాత్రం లాభం లేదు.

వారం తర్వాత పుల్లల బదులు కాగితం మీద కట్టకి గీత, విడి పుల్లకి చుక్క పెట్టించండి. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా పేర్లే తికమక పెడతాయి, అక్కడ నిదానించండి. సాయంత్రాలు చింతపిక్కలతో వామనగుంటలు ఆడించండి.