మిత్రదేశమే దాడి చేస్తే సైనికుడు ఎటు నిలబడాలి?

ఈ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చేది అల్జీరియా తీరంలోని మెర్స్-ఎల్-కెబీర్. 1940 జులై 3. ఫ్రాన్స్ జర్మనీతో సంధి చేసుకుని రెండు వారాలు కూడా కాలేదు. ఫ్రెంచ్ నౌకలు హిట్లర్ చేతికి చిక్కుతాయేమోనని బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కు భయం. మాతో కలవండి, దూరంగా వెళ్లిపోండి, లేదా మీ ఓడల్ని మీరే ముంచేసుకోండి అని గడువు పెట్టారు. గడువు దాటాక బ్రిటిష్ నౌకలు కాల్పులు మొదలుపెట్టాయి.

ఫ్రెంచ్ ఓడలు రేవులో వెనుక భాగం గట్టుకు కట్టేసి ఉన్నాయి. కదలడానికే చోటు లేదు. 'బ్రెతాన్' అనే యుద్ధనౌక పేలి, నిమిషాల్లో తిరగబడి మునిగిపోయింది. మొత్తం 1,297 మంది ఫ్రెంచ్ నావికులు చనిపోయారు. నిన్నటిదాకా వాళ్లతో భుజం కలిపి పోరాడినవాళ్లే చంపారు!

అసలు నలిగిపోయింది, ఆ సంధిని ఒప్పుకోకుండా లండన్ నుంచి పోరాటం సాగిస్తున్న ఫ్రెంచ్ జనరల్ డిగాల్. ఐదు రోజుల తర్వాత రేడియోలో తన బాధను, కోపాన్ని దాచకుండా చెప్పి, అయినా పోరాటం బ్రిటన్ పక్కనే అన్నాడు. నా దృష్టిలో అది దేశద్రోహం కాదు. కానీ తమ్ముణ్ణి పోగొట్టుకున్న నావికుడు ఆ మాట ఎలా వినగలడు? చాలామంది ఆయనతో చేరలేదు, వాళ్లనూ నేను తప్పుపట్టలేను.

1942 నవంబర్‌లో జర్మన్లు దక్షిణ ఫ్రాన్స్‌లోని తులాన్ రేవులోకి చొరబడినప్పుడు, ఓడల్ని వాళ్లకు దక్కనివ్వమని ముందే ఇచ్చిన మాట ప్రకారం ఫ్రెంచ్ నావికులు తమ ఓడల్ని తామే ముంచేసుకున్నారు.