ఆదివారమంతా తుడిచినా బుధవారానికి మళ్లీ దుమ్మే ఎందుకంటే

హన్మకొండలో రోడ్డు పక్క ఇల్లు, ఆదివారం ఊడ్చి ఫ్యాన్లు దులిపినా దుమ్ము పోవట్లేదని ఒక అక్క అడిగారు. ముందు ఊడ్చి తర్వాత ఫ్యాన్లు దులుపుతున్నారు కదా అక్కా, తేడా అక్కడే. పై దుమ్మంతా మళ్లీ బండల మీదికే దిగుతుంది.

1. ముందు ఫ్యాన్ స్విచ్ ఆపి, పాత దిండు గలీబు రెక్కకు తొడిగి లాగండి. దుమ్ము అందులోనే ఉండిపోతుంది.

2. అందరూ వదిలేసేది కిటికీ జాలీ. హన్మకొండలో రోడ్డు పక్క ఇల్లంటున్నారు, గాలి వీచినప్పుడల్లా జాలీకి పట్టిన దుమ్మే లోపలికి రాలుతుంది, అందుకే వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో మూలలు గీకి, తడిబట్టతో రెండు వైపులా తుడవండి. మా ఇంట్లో మొదటిసారి బకెట్ నీళ్లు నల్లగా అయ్యాయి.

3. అరగంట ఆగి, అప్పుడు ఊడ్చి తడిబట్ట పెట్టండి.

4. అంతా ఆదివారమే వద్దు, నడుము పోతుంది. రోజుకొక గది, 20 నిమిషాలు చాలు.