పాత ఉద్యోగి చేతివాటం, కొత్త అప్పు

ప్రశ్న: మాది చిన్న రిటైల్ షాపు. ఆరేళ్లుగా నమ్మకంగా ఉన్న క్యాషియరే బిల్లింగ్, రిటర్నులు, స్టాక్ ఎంట్రీ అన్నీ చూస్తున్నాడు. ఈమధ్య సరుకు లెక్కపెడితే మా నాలుగు నెలల లాభమంత తేడా వచ్చింది. అనుమానం అతని మీదే. షాపుకు దొంగతనం బీమా ఉంది. ఆ డబ్బు వచ్చేలోగా ఇల్లు తాకట్టు పెట్టి సరుకు నింపి, మిగతాది అతని జీతంలోంచి నెలనెలా కోసుకుందామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: ముందు ఆ పాలసీ బయటికి తీసి, మినహాయింపుల పేజీ చదవండి. షాపులకు ఇచ్చే దొంగతనం పాలసీ మామూలుగా తాళం పగలగొట్టో, గోడకు కన్నం వేసో బయటివాళ్లు చొరబడితేనే వర్తిస్తుంది. తాళంచెవి చేతికిచ్చిన మన మనిషే పట్టుకెళితే చాలా పాలసీల్లో పైసా రాదు. నష్టం జరిగాకే వ్యాపారులకు ఈ సంగతి తెలుస్తోంది. మీ ప్రశ్న తీసుకున్నదీ అందుకే.

ఉద్యోగుల మోసానికి ఫిడెలిటీ గ్యారంటీ పాలసీ వేరుగా ఉండాలి. ఇప్పుడు తీసుకుంటే పాత నష్టానికి పనికిరాదు, అయినా తీసుకోండి. డబ్బు ముట్టుకునేవారినే కాదు, గోదాము చూసేవారిని కూడా అందులో చేర్చండి. ఒక లెక్కింపుకూ మరో లెక్కింపుకూ మధ్య ఒక మనిషి గరిష్ఠంగా ఎంత తీయగలడో, కవరేజీ కనీసం అంత ఉండాలి. ఇందులోనూ మెలికలున్నాయి. లెక్కలో సరుకు తగ్గిందని చూపిస్తే సరిపోదు, ఎవరు ఎలా తీశారో ఆధారం అడుగుతారు. తేడా కనిపెట్టిన వెంటనే కంపెనీకి రాసి తెలపాలి. ఇక మోసం చేశాడని తెలిసిన మనిషిని అదే పనిలో ఉంచితే, ఆ తర్వాత అతను చేసే నష్టానికి సాధారణంగా రక్షణ ఉండదు. జీతంలో కోసుకుంటూ అతన్నే కౌంటర్లో కూర్చోబెడితే జరిగేది అదే. పైగా జీతం కోతకు చట్టపరమైన హద్దులుంటాయి, లాయరును అడగకుండా ముట్టుకోవద్దు.

ఆధారాల విషయంలో ఆలస్యం చేయకండి. సీసీటీవీ రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది, ఈరోజే కాపీ తీయించండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లాగ్‌లో రద్దయిన బిల్లులు, రిటర్నులు, డిస్కౌంట్లు ఎవరి లాగిన్‌తో, ఏ సమయానికి పడ్డాయో తీసి వీడియోతో పోల్చండి. రిటర్న్ బిల్లు పడిన నిమిషంలో కౌంటర్ ముందు కస్టమర్ లేకపోతే, అదొక గట్టి ఆధారం. అలాగే సప్లయర్ తక్కువ పంపాడా, సరుకు దిగుమతి రెండుసార్లు ఎంట్రీ అయిందా, కస్టమర్లే ఎత్తుకెళ్లారా అన్నదీ చూడండి. అనుమానం ఇంకా అనుమానమే. అందరి ముందు నిలదీయడం, గదిలో కూర్చోబెట్టి కాగితం రాయించుకోవడం అస్సలు వద్దు. ఆ కాగితం నిలబడదు సరికదా, కేసు మీ మీదికే తిరగొచ్చు. మాట్లాడేటప్పుడు మరో బాధ్యతగల మనిషిని పక్కన ఉంచుకుని, అతను చెప్పేది రాసి పెట్టుకోండి.

బిల్లింగ్, రిటర్నుల ఆమోదం, స్టాక్ ఎంట్రీ మూడూ ఒకరి చేతిలో పెట్టడమే ఇంతదాకా తెచ్చింది. కనీసం రిటర్నులు మీరే ఆమోదించండి. ఎవరి లాగిన్ వారికే ఉండాలి. ఖరీదైన చిన్న వస్తువులు వారానికోసారి లెక్కపెట్టించండి. ప్రతి ఉద్యోగికీ ఏడాదికోసారి వరుసగా కొన్ని రోజులు సెలవు తప్పనిసరి చేయండి. ఆ సీట్లో మరొకరు కూర్చున్నప్పుడే చాలా విషయాలు బయటపడతాయి.

ఇక ఇల్లు తాకట్టు. సరుకు ఎటు పోతోందో తేలకుండా అప్పు తెచ్చి నింపుతానంటే నేను ఒప్పుకోను. అది చిల్లికుండలో నీళ్లు పోయడమే, పైగా వడ్డీ కట్టి మరీ పోయడం. మీ నికర లాభం 10 శాతం అనుకుంటే, పోయిన ప్రతి 100కి 1,000 అమ్మాలి. వడ్డీ దాని మీద అదనం. షాపు పొరపాటుకు మీ కుటుంబం ఉండే ఇంటిని ఎందుకు పణంగా పెడతారు? త్వరగా అమ్ముడయ్యే సరుకు మాత్రమే తెప్పించండి, సప్లయర్లను గడువు అడగండి, కదలని స్టాక్ తగ్గించి అమ్మేయండి. అత్యవసర నిధి ఉంటే ఇప్పుడు వాడండి. లేకపోతే నిలదొక్కుకున్నాక మూడు నెలల అద్దె, జీతాలంత విడిగా పోగేయండి.

బీమా కంపెనీకి ఉత్తరం మాత్రం ఈ వారమే పంపండి. మీ పాలసీలో ఉద్యోగుల మోసానికి ప్రత్యేక కవర్ జతచేసి ఉండొచ్చు, అదే జరిగితే ఆలస్యం చేసి పోగొట్టుకోకండి.